రక్తం గడ్డ కట్టకుండా మాత్రలు వాడేవాళ్లకి డిశ్చార్జ్ రోజు మీరు ఏం చెప్తున్నారు?

గుణుపురం_సిస్టర్
మా వార్డుకి మొన్న ఒకావిడ వచ్చింది, వయసు నలభై లోపే. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటం పాడైతే విశాఖలో లోహపు వాల్వు వేశారు, అప్పట్నుంచి రోజూ సాయంత్రం రక్తం గడ్డ కట్టకుండా ఎసినోకుమరాల్ మాత్ర వేసుకుంటోంది. విరేచనాలు పట్టుకుంటే ఊళ్లో ఎవరో మెట్రోనిడజోల్ ఇచ్చారు, ఒళ్లు నొప్పులంటే పిరుదు మీద డైక్లోఫెనాక్ సూది కూడా వేశారు. మా దగ్గరికి వచ్చేసరికి పిరుదు నల్లగా కమిలి గట్టిగా వాచిపోయింది, చిగుళ్ల నుంచి రక్తం ఆగట్లేదు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డ కట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె) ఏడు దాటింది.

డాక్టరుగారు చూసుకున్నారు, ఇప్పుడు బాగానే ఉంది. నా బాధ వేరు. ఆవిడ డిశ్చార్జ్ కాగితం పాలిథిన్ కవర్లో పెట్టి ఎంత భద్రంగా దాచుకుందో. మొత్తం ఇంగ్లీషే. ఆవిడకి తెలుగు వచ్చు, సవర వచ్చు, చదవడం మాత్రం తెలుగు కూడా కూడబలుక్కునే. "నొప్పి సూది వేయించుకోకూడదని నాకెవరూ చెప్పలేదమ్మా" అంది. ఆ కాగితంలో మూడో పేజీ అడుగున రాసే ఉంది.

మన సరిహద్దులో ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, రక్తపరీక్ష ఇంకో రాష్ట్రంలో, మందుల షాపు మూడో ఊళ్లో. ఇలాంటివాళ్లకి ఇంటికి పంపేటప్పుడు మీరు ఏం చెప్తారు, ఎలా చెప్తారు? అనుభవం ఉన్నవాళ్లు రాయండి, మా వార్డులో నర్సింగ్ పిల్లలకి చదివి వినిపిస్తాను.

జీఎన్ఎం_రెండో_ఏడు
అక్కా, నేను బరంపురంలో చదువుతున్నాను. నాది ఇంకా మొదటి మెట్టు ప్రశ్న. రక్తాన్ని గడ్డ కట్టించే పదార్థాలు, అదే ఫ్యాక్టర్లు, 1 నుంచి 13 దాకా, మధ్యలో 6 లేదు, అన్నీ బట్టీ వచ్చు. కానీ వార్డులో కాలి సిరలో గడ్డ ఉన్న పేషెంటుకి పొట్టలో ఇంజెక్షనూ, మాత్రా రెండూ కలిపి ఇస్తున్నారు. వాళ్లబ్బాయి "రెండూ ఒకటే పనికైతే రెండెందుకు" అని అడిగితే నాకు నోరు పెగల్లేదు.

పాత_మేట్రన్
మంచి ప్రశ్న తల్లీ, ఇది అర్థమైతే మిగతా సగం దానంతట అదే అర్థమవుతుంది.

రక్తనాళం తెగితే ముందు ప్లేట్‌లెట్లు వచ్చి ఆ చోట అతుక్కుంటాయి. గట్టు తెగినప్పుడు ఊరివాళ్లు ఇసుక బస్తాలు వేసినట్టు, అది తాత్కాలికం. తర్వాత ఆ ఫ్యాక్టర్లు ఒకదాన్నొకటి లేపుకుంటూ పోయి చివరికి థ్రాంబిన్ తయారవుతుంది, థ్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ని ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది, ఆ పోగులు అల్లుకుంటే గడ్డ గట్టిపడుతుంది. గాయం దగ్గర ఇది జరిగితే ప్రాణం నిలబడుతుంది. కాలి లోపలి సిరలోనో, వాల్వు మీదో, గుండె పై గదిలోనో జరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఇంజెక్షన్ హెపారిన్ కోవ మందు. హెపారిన్ రక్తంలో ఉన్న యాంటీథ్రాంబిన్ అనే సహజమైన అడ్డుకట్టకి బలమిస్తుంది, ఇప్పటికే తయారై తిరుగుతున్న ఫ్యాక్టర్లని ఆపుతుంది. సిరలోకి ఇస్తే పని వెంటనే మొదలు. మాత్రలైన వార్ఫరిన్, ఎసినోకుమరాల్ అలా కాదు. కాలేయంలో విటమిన్ కె సాయంతో తయారయ్యే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు కొత్తగా పుట్టకుండా చేస్తాయి. పాతవి అరిగిపోయేదాకా ఆగాల్సిందే. 7 కొన్ని గంటల్లోనే పడిపోతుంది, అందుకే ఐఎన్ఆర్ రెండో మూడో రోజుకే పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ 2వ ఫ్యాక్టరు తగ్గడానికి రోజులు పడుతుంది, అసలు రక్షణ అప్పుడే. పైగా ఇదే మాత్ర ప్రొటీన్ సి, ఎస్ అనే సహజమైన అడ్డుకట్టలని కూడా తగ్గిస్తుంది, అందులో సి చాలా త్వరగా పడిపోతుంది కాబట్టి మాత్ర ఒక్కటే మొదలుపెడితే తొలి రోజుల్లో గడ్డ ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. అందుకని కనీసం 5 రోజులు, ఐఎన్ఆర్ 2 దాటి ఒక రోజంతా నిలిచేదాకా, రెండూ కలిపి ఇస్తారు.

వాళ్లబ్బాయితో "ఇంజెక్షన్ ఇవాళ్టికి కాపలా, మాత్ర పూర్తిగా పని చేయడానికి కనీసం ఐదు రోజులు పడుతుంది" అని చెప్పు, చాలు.

జీఎన్ఎం_రెండో_ఏడు
మేడమ్, ఈ ముక్క నాకు ఏడాది నుంచి ఎవరూ చెప్పలేదు. నోట్స్‌లో రాసుకున్నాను.

బరంపురం_ఐసీయూ
పాత మేట్రన్ గారు చెప్పినదానికి నాది ఒక్క చేర్పు. పొట్టలో ఇచ్చే ఎనోక్సాపరిన్ (హెపారిన్ కోవదే) విషయంలో మా కొత్త పిల్లలు గాలి బుడగ చూడగానే బయటికి నెట్టేస్తారు. నింపి వచ్చిన సిరంజిలో మొత్తం డోసు ఇచ్చేటప్పుడు ఆ బుడగ తీయకూడదు, మందు చివరి బొట్టు దాకా లోపలికి వెళ్లడానికే అది ఉంది. బొడ్డుకి రెండంగుళాలు వదిలి, పక్కగా చర్మాన్ని మడతపట్టి, సూది నిటారుగా దించి, మందు మొత్తం వెళ్లి సూది బయటికి వచ్చేదాకా మడత వదలకూడదు. తర్వాత రుద్దకూడదు. ఒకపూట కుడివైపు, ఒకపూట ఎడమవైపు.

రుద్దితే ఏమవుతుందో చూడాలంటే మా వార్డుకి రండి. పక్క మంచం పెద్దాయనకి భార్య ప్రేమతో ప్రతి ఇంజెక్షన్ తర్వాత పొట్ట నిమిరేది, అరచెయ్యంత మచ్చలు.

జయపురం_బాబాయ్
నేను నర్సుని కాదు, పేషెంటుని. మా ఊళ్లో చాలామంది ఇంజెక్షన్ వేశాక దూదితో గట్టిగా రుద్దితేనే మందు పాకుతుంది అంటారు. అది తప్పా?

బరంపురం_ఐసీయూ
ఈ మందుకి తప్పే బాబాయ్. మందు నెమ్మదిగా పీల్చుకోవాలి, రుద్దితే లోపల సన్న నాళాలు చిట్లుతాయి. దూది మెత్తగా ఆనించి పెట్టుకోండి చాలు.

రాయగడ_ల్యాబ్
సిస్టర్స్ అందరికీ ఒక మొర. ఐఎన్ఆర్ పరీక్షకి రక్తం తీసే నీలం మూత ట్యూబుని సగం నింపి పంపకండి. అందులో సోడియం సిట్రేట్ ఉంటుంది, ఒక వంతు సిట్రేట్‌కి తొమ్మిది వంతుల రక్తం అని లెక్క. సిట్రేట్ కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డ కట్టకుండా ఉంచుతుంది, పరీక్షలో మేం మళ్లీ కాల్షియం కలిపి ఎన్ని సెకన్లకి గడ్డ కడుతుందో చూస్తాం. రక్తం తక్కువైతే సిట్రేట్ మిగిలిపోయి మేం కలిపిన కాల్షియాన్ని కూడా తినేస్తుంది. ఐఎన్ఆర్ నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తాడు, పేషెంటుకి వాల్వు మీద గడ్డ. గీత దాకా నింపండి, మెల్లగా మూడు నాలుగు సార్లు తలకిందులు చేయండి, కుదపకండి. ఊదారంగు మూత ట్యూబు కంటే ముందు ఇది తీయండి. హెపారిన్ ఎక్కుతున్న చేతి లైను నుంచి అసలే తీయకండి.

గుణుపురం సిస్టర్ అడిగిన రాష్ట్రాల గొడవకి కూడా నాది ఒక మాట. ఒక్కో ల్యాబులో వాడే రసాయనం ఒక్కో రకం, సెకన్లు ఊరూరికీ మారతాయి. అందుకే 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్ఆర్ పద్ధతిని తెచ్చింది, విశాఖలో 2.8 అయితే రాయగడలోనూ దగ్గర దగ్గరగా అంతే రావాలి. కాబట్టి పేషెంటు చేతికి సెకన్లు కాదు, ఐఎన్ఆర్ అంకె రాసివ్వండి.

గుణుపురం_సిస్టర్
ట్యూబు సంగతి మా వార్డులో గోడకి అంటించేస్తున్నాను.

పర్లాకిమిడి_మందుల_షాపు
కౌంటర్ ఇవతల నుంచి చూసింది చెప్తాను. ఎసినోకుమరాల్ మాత్ర 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. పేషెంటు మనవడిని పంపిస్తాడు, వాడు "గుండె మాత్ర" అంటాడు, చేతిలో ఖాళీ స్ట్రిప్పు ముక్క, అంకె ఉన్న వైపు చింపేసి ఉంటుంది. నేను ఇవ్వను, చీటీ తెమ్మంటాను, తిట్టుకుంటూ పోతారు. 2 బదులు 4 వెళ్తే వారం తిరక్కుండా మీ వార్డులో ఉంటారు కదా.

ఇక కలవకూడని మందులు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్ ఐఎన్ఆర్‌ని పైకి లేపుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ అంకెని అంతగా కదపకపోయినా కడుపులో పుండు పడి రక్తం పోతుంది. నొప్పికి పారాసిటమాల్, అదీ ఎక్కువ రోజులైతే చెప్పి వాడాలి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దీనికి తిరగబడి పనిచేస్తుంది, మాత్ర బలం తగ్గిపోతుంది, డోసు చాలా పెంచాల్సి రావచ్చు. టీబీ కోర్సు అయిపోయాక ఎవరూ పట్టించుకోకపోతే అదే పెద్ద డోసు మీద రక్తస్రావం మొదలవుతుంది. ఇది కళ్లారా చూశాను.

మజ్జిగౌరి_భక్తుడు
మా నాన్నకి గుండె దడ (లయ తప్పి కొట్టుకోవడం), వార్ఫరిన్ రాశారు. మా మేనమామ ఫోన్లో ఏదో చదివి "ఇది ఎలకల మందురా" అని ఇల్లంతా అరిచాడు. నాన్న మాత్రలు మంచం కింద దాచడం మొదలుపెట్టాడు. నిజంగానే ఎలకల మందా? నిజమైతే మనిషికెలా ఇస్తారు?

వంశధార
నిజమే, కానీ సగం కథ. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్‌లో ఒక రైతు మంచు తుఫానులో చచ్చిన ఆవునీ, డబ్బా నిండా గడ్డ కట్టని రక్తాన్నీ బండి మీద వేసుకుని యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ కార్ల్ లింక్ బృందం ఏళ్ల తరబడి పనిచేసి ఆ గడ్డిలో ఉన్న పదార్థాన్ని పట్టుకుంది, దాన్నుంచి వచ్చిందే వార్ఫరిన్. 1948లో ఎలకల మందుగానే అమ్మారు, 1954లో మనుషులకి అనుమతి వచ్చింది, 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కీ ఇచ్చారు. తేడా అంతా డోసులో, ఐఎన్ఆర్ చూసుకోవడంలో ఉంది. విరుగుడు విటమిన్ కె కూడా ఉంది. మీ మామయ్యకి ఇది చదివి వినిపించండి, నాన్నగారితో మాత్రం ఈ వారమే డాక్టర్ని కలిపించండి. ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెప్పండి, ఒకేసారి కలిపి వేసుకోనివ్వకండి.

పాత_మేట్రన్
వంశధార గారి చివరి మాట అందరూ రెండుసార్లు చదవండి. ఒకపూట మరిచిపోతే అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి. తెల్లారిపోతే దాన్ని వదిలేసి మామూలు వేళకి మామూలు మాత్రే, రెండు కాదు.

కొరాపుట్_సీహెచ్ఓ
మా సబ్ సెంటర్లో ఆకుకూరలు పూర్తిగా మానేయమని చెప్తాం. విటమిన్ కె ఉంటుంది కదా.

పాత_మేట్రన్
ఇక్కడ ఒప్పుకోను బాబూ. మునగాకు, తోటకూర, పాలకూరలో విటమిన్ కె ఉన్న మాట నిజమే. కానీ మన కొండ ఊళ్లలో వానాకాలం వస్తే ఆకుకూరే కూర. మానేయమంటే మన ముందు తలూపుతారు, ఇంటికెళ్లి తింటారు, ఆ భయంతో నిజం చెప్పరు. నెలంతా మానేసి పండక్కి ఒక్కసారి గిన్నెడు తిన్నా ప్రమాదమే, ఐఎన్ఆర్ కిందా మీదా అవుతుంది. వారానికి ఎంత తింటారో అంతే ఎప్పుడూ తినమనండి. డోసు వాళ్ల తిండిని బట్టి డాక్టరు సరిచేస్తాడు. ఉపవాసాలు, జ్వరం, విరేచనాలు, తిండి తినలేని రోజులు, ఇవి వస్తే మాత్రం పరీక్షకి రమ్మనండి.

జయపురం_బాబాయ్
హమ్మయ్య. మా ఇంటావిడ మునగాకు పప్పు చేసిన రోజల్లా నన్ను దొంగని చూసినట్టు చూస్తోంది. ఈ పోస్టు చూపిస్తాను.

కొరాపుట్_సీహెచ్ఓ
సరే మేడమ్, ఎంత తింటారో అడిగి కార్డులో రాసే పద్ధతి మొదలుపెడతాను. అయితే ఊళ్లో మాత్రల సంగతి ఒక ఎత్తు, రక్తపింజర కాటు ఇంకో ఎత్తు. అదీ గడ్డ కట్టే వ్యవస్థని తినేసే జబ్బే కదా, రాయమంటారా?

గుణుపురం_సిస్టర్
రాయండి, వానాకాలం కేసులు మాకూ వస్తాయి.

కొరాపుట్_సీహెచ్ఓ
రక్తపింజర విషం ఫ్యాక్టర్లని ఒక్కసారిగా రేపి ఖర్చు చేసేస్తుంది, ఫైబ్రినోజెన్ అడుగంటుతుంది, ఇక రక్తం గడ్డ కట్టదు. మా దగ్గర పెద్ద ల్యాబు లేదు, 20 నిమిషాల పరీక్షే దిక్కు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో అప్పుడే తీసిన సిర రక్తం 2 మిల్లీలీటర్లు పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచాలి. రక్తం జారితే గడ్డ కట్టనట్టే, పాము విషానికి మందు వెంటనే మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ ట్యూబు వద్దు, గాజే గడ్డ కట్టడాన్ని మొదలుపెడుతుంది. సబ్బు నీళ్లతో కడిగిన ట్యూబూ వద్దు, గడ్డ కట్టాల్సిన రక్తం కూడా కట్టదు. కొత్తగా వచ్చినవాళ్లు నిలబడి వాచీ చూడాలి, టీకి వెళ్లిపోకూడదు. ఈ కేసులో విటమిన్ కె ఇచ్చి కూర్చుంటే లాభం లేదు, హెపారిన్ ఇంకా కీడు. కండ సూదులు వద్దు, కట్లు గట్టిగా బిగించొద్దు.

మా వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టు జబ్బు) కూడా ఎక్కువ. అది ఉన్నవాళ్లలో సిరల్లో గడ్డలు పట్టే ప్రమాదం మామూలువాళ్లకంటే ఎక్కువ. ఒక కాలే వాచి, పిక్క నొప్పి అంటే నడక నొప్పి అని పంపేయకండి.

జీఎన్ఎం_రెండో_ఏడు
ఒక కాలు వాపు అంటే సిరలో గడ్డే అనుకోవాలా?

పాత_మేట్రన్
అనుమానించాలి, తేల్చేది డాప్లర్ స్కాను, సిరలో రక్తం ఎలా పారుతోందో అది చూపిస్తుంది. 1856లోనే విర్కో అనే జర్మన్ డాక్టరు గడ్డలకి సంబంధించిన సంగతులు రాశాడు, ఆయన పేరు మీదే ఇప్పటికీ మూడు కారణాలు చెప్పుకుంటాం. రక్తం కదలక నిలిచిపోవడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డ కట్టే గుణం పెరగడం. సిజేరియన్ తర్వాత మంచం దిగని బాలింతలో ఈ మూడూ ఉంటాయి, బాలింత కదలకూడదనే అత్తగార్లతో నేను ఎన్నిసార్లు గొడవ పడ్డానో. ఆ గడ్డ తెగి ఊపిరితిత్తికి వెళ్తే ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక్కోసారి దగ్గితే రక్తం. అనుమానం ఉన్న కాలుని మసాజ్ మాత్రం చేయనివ్వకు.

బరంపురం_ఐసీయూ
హెపారిన్ వార్డులో ఉన్నవాళ్లకి ఇంకో మాట. వయల్ మీద 1 మిల్లీలీటరుకి 1000 యూనిట్లా 5000 యూనిట్లా అని ఇద్దరు కలిసి చదవండి. ఎపీటీటీని (హెపారిన్ ఎంత పనిచేస్తోందో చూసే గడ్డ కట్టే సమయం) కంట్రోల్‌కి, అంటే మామూలు రక్తానికి పట్టే సమయానికి, ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లలో ఉంచమంటారు. మొదలైన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడితే డ్యూటీ డాక్టర్ని నిద్ర లేపండి, హెపారిన్ వల్లే ప్లేట్‌లెట్లు తగ్గి, పైగా గడ్డలు పట్టే జబ్బు అది, ఇంకో డోసు వెళ్లకూడదు. విరుగుడు ప్రోటమిన్ ట్రేలో ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకోండి.

ఇచ్ఛాపురం_స్టాఫ్
పరీక్షలే అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా, ఎపిక్సబాన్, రివరాక్సబాన్. అందరికీ అవే రాయొచ్చు కదా, ఈ ఐఎన్ఆర్ కోసం బస్సులెక్కి తిరిగే టెన్షన్ తప్పుతుంది.

పాత_మేట్రన్
కాలి సిరలో గడ్డకి, వాల్వు బాగానే ఉండి గుండె దడ ఉన్నవాళ్లకి చాలామందికి అవి రాస్తున్నారు, మంచిదే. లోహపు వాల్వు ఉన్నవాళ్లకి మాత్రం కాదు. ఇలాంటి కొత్త మందే అయిన దబిగట్రాన్‌తో ప్రయత్నిస్తే గడ్డలూ, రక్తస్రావాలూ రెండూ పెరిగి 2012లో ఆ అధ్యయనమే ఆపేశారు. కీళ్లవాత జ్వరం వల్ల వాల్వు పాడై గుండె దడ వచ్చినవాళ్లలో కూడా వార్ఫరిన్ కోవ మందులే మెరుగని 2022లో ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. మన ప్రాంతంలో వాల్వు కేసులు ఎక్కువగా కీళ్లవాతం తెచ్చినవే, కాబట్టి మనకి ఐఎన్ఆర్ తప్పదు.

గుణుపురం సిస్టర్, నువ్వడిగిన అసలు ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. డిశ్చార్జ్ రోజు నేను చెప్పను, అడుగుతాను. "ఏ రంగు మాత్ర, ఎన్నింటికి? పంటి నుంచి రక్తం వస్తే ఎక్కడికి పోతావు? ఒళ్లు నొప్పి వస్తే ఏం వేసుకుంటావు?" వాళ్ల నోటితో జవాబు వచ్చేదాకా కాగితం చేతికివ్వను. నల్లటి విరేచనం అయితే రమ్మంటాను, ఐరన్ మాత్ర వేసుకుంటున్నారా అని కూడా అడుగుతాను, దానికీ నల్లగానే అవుతుంది. తలకి దెబ్బ తగిలితే గాయం లేకపోయినా రావాలి. వేప పుల్ల బదులు మెత్తటి బ్రష్షు. ఆడవాళ్లని పక్కకి తీసుకెళ్లి నెలసరి ఎలా ఉందని అడగండి, మగవాళ్ల ముందు చెప్పరు. పెళ్లయిన అమ్మాయి అయితే నెల తప్పితే వెంటనే, వీలైతే పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరుకి చెప్పాలని, ఎవరు చెప్పినా సొంతంగా మాత్ర ఆపొద్దని గట్టిగా చెప్పండి. వార్ఫరిన్ మొదటి మూడు నెలల్లో బిడ్డకి దెబ్బ, హెపారిన్ మాయ దాటి వెళ్లదు, ఎప్పుడు ఏది మార్చాలో డాక్టరు చూస్తాడు.

గుణుపురం_సిస్టర్
మేడమ్, ఇవన్నీ కలిపి ఒక కార్డు తయారుచేస్తున్నాం. ముందువైపు తెలుగులో, ఒడియాలో పెద్ద అక్షరాలతో: ఈ మనిషికి కండ సూదులు వేయకూడదు, వాల్వు ఉంది, మందు పేరు, డోసు, ఉండాల్సిన ఐఎన్ఆర్. వెనకవైపు తేదీ, ఐఎన్ఆర్, మార్చిన డోసు రాసే గడులు. చదవలేనివాళ్ల కోసం సిరంజి బొమ్మ మీద అడ్డగీత. ఊళ్లో సూది వేసే ఆయన కంటికి ముందు ఆ బొమ్మ కనిపించాలి.

పర్లాకిమిడి_మందుల_షాపు
ఆ కార్డు ఫైలు ఇక్కడ పెట్టండి సిస్టర్, నా ఖర్చుతో వంద ప్రింటు తీయించి షాపులో పెడతాను. మిల్లీగ్రాముల అంకె చుట్టూ గుండ్రం గీయండి.

మజ్జిగౌరి_భక్తుడు
నాన్నని తీసుకెళ్లాను. ఐఎన్ఆర్ 1.2. డాక్టరు పాత డోసే మళ్లీ మొదలుపెట్టి వారంలో రమ్మన్నారు. ఇంకో సందేహం, నాన్నకి పన్ను పీకించాలి. పళ్ల డాక్టరు ఐదు రోజులు మాత్ర ఆపి రమ్మంటున్నాడు.

పాత_మేట్రన్
ఆపకండి, ముందు మాత్ర రాసిన డాక్టర్ని అడగండి. ఒక పన్నుకైతే చాలామందికి మాత్ర ఆపకుండానే పీకుతారు. పీకే ముందురోజు ఐఎన్ఆర్ చూసి, హద్దులో ఉంటే పీకి, కుట్టు వేసి, గాజ్ (గాయానికి పెట్టే పలచటి గుడ్డ) నొక్కిపెట్టి, రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌తో పుక్కిలింపిస్తే సరిపోతుంది. ఇద్దరు డాక్టర్లనీ ఫోన్లో ఒకరితో ఒకరిని మాట్లాడించండి. పన్ను పొద్దున్నపూట పీకించండి, రక్తం ఆగకపోతే పగలే ఆస్పత్రికి పోవచ్చు.